మీ అత్తగారికి నా మాటగా చెప్పు

ఏమ్మాయ్, దుప్పట్లు ఆరేస్తున్నావా? అక్టోబరు ఎండని నమ్ముకుంటే మూడింటికల్లా మళ్లీ పిండుకోవాల్సిందే. నా మాట విని లోపల రేడియేటరు మీద వేసెయ్. సరేగానీ ఇటు రా ఓసారి. ఆ మూల కంచె చెక్క ఊడిందిగా, అక్కడైతే గొంతు పెంచక్కర్లేదు.

రాత్రి మీ అత్తగారు వీడియో కాల్లో అన్నది నా చెవినపడింది. నేనేం చెవి ఒగ్గి వినలేదమ్మా, ఈ ఈస్ట్ హామ్ వరస ఇళ్ల గోడలే అలాంటివి. ఇటు పోపు పెడితే అటు తుమ్ముతారు. "ఏం ఖర్మ, పిల్లదాన్ని చర్చి బళ్లో వేస్తారా?" అన్నారావిడ. నువ్వేమో "చూద్దాం లెండి అత్తయ్యా" అని నసిగావు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ బళ్లోనే డిన్నర్ లేడీగా చేస్తున్నదాన్ని పక్కింట్లో పెట్టుకుని ఇంకెవర్నడుగుతావు?

డిన్నర్ లేడీ అంటే వంట చేస్తాననుకునేవు. వంటవాళ్లు వేరే. పిల్లలు తింటున్నంతసేపూ హాల్లో, తిన్నాక ఆటస్థలంలో కనిపెట్టుకుని ఉండటం నా పని. జీతం సంగతి మాత్రం అడక్కు. కానీ ఏ పిల్లకి ఏం సయిస్తుందో, ఎవరింట్లో ఏం జరుగుతోందో హెడ్ టీచరు కన్నా ముందు నాకే తెలుస్తుంది. నోట్లో ముద్ద ఉండగా పిల్లలు అబద్ధాలాడరు.

ముందు బడి బోర్డు మీద ఇంగ్లండు చర్చి అని ఉన్న సంగతి చూద్దాం. మన దగ్గర కాన్వెంటు అంటే ఫీజులు, డొనేషన్లు, మెడకి టై, తెలుగు మాట్లాడితే ఫైను. మీ అత్తగారి మనసులో ఉన్నది అదే. ఇది ఫీజుల బడి కాదు. మన ఎయిడెడ్ బళ్లు లేవూ, ఆ లెక్క. టీచర్ల జీతాలూ రోజువారీ ఖర్చూ సర్కారువే. భవనానికి పెద్ద మరమ్మతు వస్తే అందులో పదో వంతు బడివాళ్లు వెతుక్కోవాలి. బడిని నడిపే గవర్నర్లలో ఎక్కువమందిని చర్చి తరఫున పెడతారు. చర్చి చెయ్యి ఉన్నది అక్కడ. ఇంగ్లండు మొత్తం మీద ఇంగ్లండు చర్చి బళ్లు 4,600కు పైగా ఉన్నాయి. ప్రైమరీ బళ్లు నాలుగుంటే ఇంచుమించు ఒకటి వీళ్లదే. చాలా పల్లెల్లో ఊరందరికీ అదొక్కటే బడి, కాబట్టి ఎవరే దేవుణ్ణి కొలుస్తారన్న ప్రశ్నే రాదు.

మన సందు చివరిది చిన్న బడి. ఒక్కో తరగతికి ఒక్కటే సెక్షను, ముప్ఫై మంది. నాలుగేళ్లకి చేర్చుకునే రిసెప్షన్ నుంచి ఇయర్ సిక్స్ దాకా ఏడు తరగతులూ నిండితే 210 మంది. విక్టోరియా రాణీ కాలంనాటి ఎర్ర ఇటుకల కట్టడం. గుమ్మాల మీద మగపిల్లలు, ఆడపిల్లలు, పసిపిల్లలు అని వేరువేరుగా రాతిలో చెక్కి ఉంటుంది. ఇప్పుడా మగపిల్లల గుమ్మంలోంచి మేం చెత్తబుట్టలు బయటికి తోస్తుంటాం. హాల్లో కూర్చునేదెవరనుకున్నావ్? సిల్హెట్టు బెంగాలీలు, రొమేనియా వాళ్లు, జాఫ్నా తమిళులు, గుజరాతీలు, నైజీరియా నుంచి వచ్చిన యొరుబాలు, సొమాలీలు, లిథువేనియా వాళ్లు, కేరళ నర్సుల పిల్లలు, ఈమధ్య మనవాళ్లు. తరతరాలుగా ఇక్కడే ఉన్న ఇంగ్లీషువాళ్ల పిల్లలు తరగతికి నలుగురైదుగురుంటే గొప్ప. చెప్పొద్దూ, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే పిల్లల్లో ఎక్కువమంది నైజీరియా వాళ్లూ కేరళ వాళ్లే.

ఇదేదో మన పేటకే వచ్చిన వింత కాదు. నీకు వీలున్నప్పుడు బ్రిక్ లేన్ వెళ్లిరా. అక్కడి మసీదు 1743లో ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు కట్టుకున్న ప్రార్థనా మందిరం. 1898లో యూదుల సినగాగ్ అయింది, 1976లో మసీదు అయింది. అదే వీధిలో ఇంగ్లండు చర్చి ప్రైమరీ బడి ఒకటుంది. దాని నీటి గొట్టాల మీద యూదుల ఆరు కోణాల నక్షత్రం కనిపిస్తుంది. వందేళ్ల కిందట ఆ బళ్లో ఎక్కువమంది యూదుల పిల్లలే చదువుకునేవారు. ఇప్పుడు బంగ్లాదేశ్ ముస్లిముల పిల్లలు. బోర్డు మీద చర్చి పేరు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇక అసలు భయానికి వద్దాం. దాచను, రోజూ అసెంబ్లీ ఉంటుంది. కలెక్టివ్ వర్షిప్ అంటారు. పిల్లలు హాల్లో కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు, కథ చెబుతారు, పాట పాడిస్తారు, చివర్లో చిన్న ప్రార్థన. వారానికోసారి పక్కనున్న చర్చి పాస్టరు వస్తారు, ఇక్కడ వికార్ అంటారు. ఆడమనిషే. 1994 నుంచి ఈ చర్చిలో ఆడవాళ్లు కూడా పాస్టర్లవుతున్నారు. పోయిన నెల ఆవిడ తప్పిపోయిన గొర్రెపిల్ల కథ చెప్పి, "మీలో ఎవరైనా ఎప్పుడైనా తప్పిపోయారా?" అని అడిగింది. ఇంకేముంది, స్ట్రాట్‌ఫర్డ్ వెస్ట్‌ఫీల్డ్ మాల్లో తప్పిపోయినవాళ్లే సగం మంది. ఒకడు ఐకియాలో మంచం కింద దొరికాట్ట. గొర్రెపిల్ల మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు. ప్రార్థన ముందు ఏమంటారో తెలుసా? "ఈ మాటలు మీవి కూడా అనుకుంటే ఆమెన్ అనండి, లేకపోతే ఊరికే నిశ్శబ్దంగా కూర్చోండి" అంటారు. పిలవాలే తప్ప బలవంతపెట్టకూడదని ఆ చర్చివాళ్లు పెట్టుకున్న నియమమే అది.

మీ అత్తగారికి ఇంకోటి కూడా చెప్పు. ఈ రోజువారీ వర్షిప్ చర్చి బళ్లలోనే కాదు, సర్కారు డబ్బుతో నడిచే బళ్లన్నిట్లో ఉండాలని చట్టం. 1944 నుంచీ ఉంది, 1988 చట్టమైతే అది చాలామటుకు క్రైస్తవ ధోరణిలో ఉండాలని కూడా అంది. మామూలు బళ్లు చాలావరకు నీతికథ చెప్పి మమ అనిపిస్తాయనుకో. కాబట్టి పిల్లని పక్క వీధి కౌన్సిల్ బళ్లో వేసినా కాగితం మీద ఇదే మాట. నీకు ఇష్టం లేకపోతే ఒక ఉత్తరం ముక్క రాసిస్తే చాలు, పిల్లని అసెంబ్లీలో కూర్చోబెట్టరు. ఎందుకని అడగరు. ఆ హక్కు 1870 చట్టం నాటికే తల్లిదండ్రులకి ఉంది. మా బళ్లో వాడుకున్నవాళ్లు అరుదు. మసీదుకెళ్లే ఇళ్లవాళ్లు కూడా పిల్లల్ని కూర్చోమనే అంటున్నారు. "దేవుడి పేరు వినపడే చోటే నయం" అంది నాతో ఒకావిడ. ఆలోచిస్తే సబబుగానే ఉంది.

మతం మార్చేస్తారన్న భయం మీ అత్తగారితో పుట్టింది కాదులే. మాది బందరు. 1843లో రాబర్ట్ నోబుల్ దొర అక్కడ బడి పెట్టాడు. ఆయన్ని పంపింది చర్చ్ మిషనరీ సొసైటీ, అంటే ఈ ఇంగ్లండు చర్చి వాళ్ల సంఘమే. ఆ బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి బందరు అట్టుడికిపోయింది. పిల్లల్ని బడి మాన్పించేశారు. కొన్నాళ్లు పోయాక మళ్లీ పంపించారు. మరి చదువు ఆశ అలాంటిది! మా తాతగారు నోబుల్లోనే చదివి, చివరిదాకా సంధ్యావందనమూ మానలేదు, షేక్‌స్పియర్నీ మానలేదు. ఆ దొరలు వచ్చింది మతం కోసమే, అందులో దాపరికం లేదు. ఇక్కడి బడి పని వేరు. చుట్టుపక్కల ఎవరుంటే వాళ్ల పిల్లలకి చదువు చెప్పడం తమ బాధ్యతని చర్చివాళ్లే 2016లో కాగితం మీద పెట్టారు. నాకైతే ఆ కాగితం కన్నా హాల్లో కనిపించేది ముఖ్యం. నాలుగేళ్ల పిల్లకి మతం సంగతి తర్వాత, ముందు కోటు జిప్పు పెట్టుకోవడం రావాలి. రిసెప్షన్ టీచరు ఆ మొదటి నెలంతా దాంతోనే కుస్తీ పడుతుంది.

ఆగాగు, అసలు ముచ్చట చెప్పలేదు. ఈ చర్చి బళ్ల మూలం ఎక్కడుందో తెలుసా? మన మద్రాసులో! ఆండ్రూ బెల్ అని స్కాట్లండు పాస్టరు ఒకాయన 1789లో ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం చూసుకోవడానికి కుదిరాడు. దగ్గర్లో వీధి బళ్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతుంటే చూశాడు. తన కింద ఉన్న పంతుళ్లేమో కొత్త పద్ధతి మాకొద్దన్నారు. దాంతో పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకి చెప్పించాడు. బాగా నడిచింది. ఇంగ్లండు తిరిగొచ్చి 1797లో దాని మీద పుస్తకం వేశాడు. 1811లో చర్చివాళ్లు బీదపిల్లల చదువు కోసం నేషనల్ సొసైటీ అని పెట్టి, ఊరూరా కట్టిన బళ్లలో ఈ పద్ధతే పెట్టారు. దాని పేరే మద్రాసు పద్ధతి. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఆయన డబ్బుతో పెట్టిన బడిని ఇప్పటికీ మద్రాస్ కాలేజీ అంటారు. 1832లో ఆయన పోతే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. బళ్లకని సర్కారు మొట్టమొదట డబ్బు తీసింది 1833లో, 20,000 పౌన్లు. అంటే అంతకు ముందే ఈ చర్చి బళ్లు దేశమంతా ఉన్నాయి. మన అరుగు బడిలో ఇసుక పలకని చూసి వెళ్లినాయన బళ్లకి మనం భయపడుతున్నాం, చూడు! అయితే ఆయన్ని మరీ ఆకాశానికెత్తక్కర్లేదులే. బీదపిల్లలందరికీ రాతా లెక్కా నేర్పనక్కర్లేదని రాసింది కూడా ఆయనే. పెద్దలు పెద్దలే.

పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని చూసుకోవడం మాత్రం మా బళ్లో ఇంకా ఉంది. ఇయర్ సిక్స్ పిల్ల ఒకతి రిసెప్షన్ పిల్ల చెయ్యి పట్టుకుని భోజనానికి తీసుకొస్తుంది, పళ్లెం పట్టుకోవడం చూపిస్తుంది, బఠాణీలు లెక్కపెట్టి తినిపిస్తుంది. మీ పిల్లకి ఇంగ్లీషు రాదని బెంగపడుతున్నావు కదూ. వచ్చిన కొత్తలో ఒక రొమేనియా కుర్రాడు రెండు నెలలు నోరు విప్పలేదు. ఆటస్థలంలో బంతి పోయేసరికి ముందు బయటికొచ్చిన మాట బంగ్లాలో ఉంది! పక్కవాడి దగ్గర పట్టాడు. ఇంగ్లీషు దానంతటదే వచ్చింది తర్వాత. అందుకే చెబుతున్నా, ఇంట్లో తెలుగు మానెయ్యకు. బడివాళ్లు కూడా అదే చెబుతారు. నువ్వు చెయ్యాల్సిందల్లా ఏ బీ సీ డీ అని పేర్లు బట్టీ పట్టించడం మానడం. వీళ్లు శబ్దాలతో మొదలుపెడతారు. ఇయర్ వన్‌లో 40 మాటలు చదివిస్తారు, అందులో సగం అర్థం లేని మాటలే. పక్కన గ్రహాంతరవాసి బొమ్మ ఉంటుంది. అది చూసి బెంబేలుపడకు.

భోజనం నా శాఖ కాబట్టి వివరంగా విను. లండన్లో 2023 సెప్టెంబరు నుంచి సర్కారు ప్రైమరీ బళ్ల పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. అంతకు ముందు మన పేట లాంటి కొన్నిచోట్ల తప్ప, ఇయర్ టూ దాకానే అందరికీ ఉండేది. ఇది వచ్చాక లండన్ అంతా ఎవరు ఉచితం, ఎవరు డబ్బు కట్టారు అన్న గీత చెరిగిపోయింది. మా హాల్లో హలాల్ ఉంటుంది, శాకాహారం ఉంటుంది, శుక్రవారం చేపా చిప్సూ. గుడ్డు తింటారా లేదా అన్నది ఫారంలో విడిగా రాయి. శాకాహారం అంటే వీళ్ల లెక్కలో గుడ్డు ఉంటుంది. పుట్టినరోజుకి ఎవరో పంచే జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల నుంచి తీసేది. ముస్లిం పిల్లలు పొట్లం వెనక చదవడంలో ఆరితేరారు, వాళ్లనడిగితే మీ పిల్లకి కూడా చెబుతారు. ఇంటి నుంచి డబ్బా పంపిస్తే మాత్రం వేరుశనగ పప్పు కనపడకూడదు. చిక్కీ లేదు, పల్లీ పొడి లేదు, పులిహోరలో గుళ్లు ఏరెయ్యాల్సిందే. కొందరు పిల్లలకి అవి పిసరంత నోట్లో పడినా ఊపిరాడదు, ఇది సరదాగా చెబుతున్నది కాదు.

ఇప్పుడు హార్వెస్ట్ పండగ నడుస్తోంది. మన సంక్రాంతి మాదిరి కోతల పండగన్నమాట, కాకపోతే కోసే పొలాలే లేవు. పిల్లలు డబ్బాల సరుకు తెచ్చి చర్చి మెట్ల దగ్గర పెడతారు: శనగలు, టమాటా, పాస్తా, బేక్డ్ బీన్స్. అదంతా ఫుడ్ బ్యాంకుకి వెళుతుంది. ఒకేడు ఇలాగే ఒక తల్లి రెండు డబ్బాల శనగలు ఇచ్చి వెళ్లింది. ఆవిడే కొన్నాళ్లకి ఫుడ్ బ్యాంకు వరసలో నాకు ఎదురైంది. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుని వచ్చేశాం. తన పిల్లాడు ఇవ్వడానికి ఏదో ఒకటి చేత్తో పట్టుకుని రావాలని ఆ తల్లి పట్టుదల. నాకు చర్చిలో ప్రసంగం కన్నా అదే ఎక్కువ తలకెక్కింది.

డిసెంబరులో క్రీస్తు పుట్టుక నాటకం. పోయినేడు మేరీ వేషం ఒక సిల్హెట్టు పిల్ల వేసింది. "మరియం మా ఖురాన్లో కూడా ఉంది, మాకు తెలుసు" అని వేషం ముందే ఖాయం చేసుకుంది. గొర్రెలకాపర్లందరికీ తలమీద గిన్నెలు తుడుచుకునే తువ్వాళ్లు. జోసెఫ్‌గా వేసిన మన తెలుగు పిల్లాడు సత్రం యజమాని గది లేదనగానే "పరవాలేదు అంకుల్, మా ఇంటికి పోతాం" అన్నాడు. అదీ తెలుగులో! వాళ్ల నాన్నేమో బడివాళ్లు ఫోన్లో తియ్యొద్దని చెప్పినా వినకుండా తీస్తూనే ఉన్నాడు. మనవాళ్లకి ఆ రోగం ఉంది, నువ్వు మీ ఆయనకి ముందే చెప్పి ఉంచు. దీపావళికైతే నీకే కబురొస్తుంది, చీర కట్టుకొచ్చి చూపించమనీ దీపాలు పెట్టమనీ.

లోపాలు లేవా అంటే లేకేం. ఆటస్థలం అరచెయ్యంత. టీచరొకరు మానేస్తే బడంతా ఒరిగిపోతుంది. ఉన్నవాళ్లే అన్ని పనులకీ పరిగెడతారు, హెడ్ టీచరు నాతో పాటు బల్లలు తుడుస్తుంది. పెద్ద బడిలో ఉండే సంగీతం గది, లైబ్రరీ ఇక్కడ ఆశించకు. ఇక పేరున్న చర్చి బళ్ల వ్యవహారం నాకు నచ్చదు. సీట్లకన్నా అడిగేవాళ్లు ఎక్కువైనప్పుడు, చర్చికి క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లకి ముందు సీటివ్వచ్చని వాళ్లకి వెసులుబాటు ఉంది. దాంతో ఫీజుల బడి తప్పించుకోవడానికి కొందరు పిల్లకి మూడేళ్లు రాగానే హఠాత్తుగా భక్తులైపోతారు. సీటు రాగానే ఆదివారం నిద్రలు మామూలే. అది బీదవాళ్లని పక్కకి నెట్టే పనే. సీట్లు మిగిలిన చోట మాత్రం అడిగిన పిల్లని కాదనకూడదని నిబంధన.

మన బళ్లో సీట్లు మిగులుతున్నాయి, నా దిగులు అదీ. లండన్ లోపలి పేటల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. జననాలు తగ్గాయి, అద్దెలు కట్టలేక చిన్నపిల్లల ఇళ్లవాళ్లు ఊరి బయటికి పోతున్నారు. బ్రెగ్జిట్ తర్వాత వెళ్లిపోయినవాళ్లు కొందరు. సర్కారు ఇచ్చేది తలకింత అని. అక్టోబరు మొదటి గురువారం బళ్లో పేర్లున్న పిల్లల లెక్క తీస్తారు, ఆ లెక్క మీదే డబ్బు. ముప్ఫై మంది ఉండాల్సిన తరగతిలో పంతొమ్మిది మంది ఉన్నా టీచరు ఒక్కరు కావాల్సిందే కదా, లైట్లు వెలగాల్సిందే కదా. పక్కన హాక్నీలో 2024లో రెండు ప్రైమరీ బళ్లు మూసేశారు, మరో రెండింటిని వేరేవాటిలో కలిపేశారు. చిన్న బడికే ముందు గండం. అది పోతే ఈ నాలుగు వీధుల తల్లులు పొద్దున్నే కలుసుకునే చోటు ఇంకోటి లేదు. నువ్వూ నేనూ మాట్లాడుకునేది ఈ ఊడిన చెక్క పుణ్యాన. మిగతావాళ్లకి బడి గేటే దిక్కు.

అందుకని విను. వచ్చే సెప్టెంబరుకి రిసెప్షన్ సీటు కావాలంటే జనవరి 15 లోపు కౌన్సిల్ వెబ్‌సైటులో ఫారం నింపాలి. ఆరు బళ్ల పేర్లు రాయొచ్చు, నచ్చిన వరసలో. ఫలితం ఏప్రిల్ 16న వస్తుంది. చర్చికి వెళతాం అని సీటడిగేవాళ్లే బడివాళ్లిచ్చే ఇంకో కాగితం నింపి పాస్టరు సంతకం పెట్టించాలి. నీకు ఆ బాధ లేదు, ఇంటి దూరమే చూస్తారు. వచ్చే నెలలో తల్లిదండ్రులు వచ్చి చూసుకునే రోజు ఉంది, పన్నెండింటికి రా, భోజనం వేళ చూస్తే ఏ బడైనా తెలిసిపోతుంది. మీ అత్తగార్ని కూడా ఫోన్లో ఆ హాలు చూడనియ్యి, పిల్లల మొహాలు తియ్యకుండా. తర్వాత కూడా ఆవిడ వద్దంటే నాకు ఫోనివ్వు, నేను మాట్లాడతాను.